ఎవరూ చూడని స్లైడు

ముప్పై మూడేళ్లు రక్తం చూసి బతికాను. ఇలా చెబితే కొత్తవాళ్లు కాస్త జరిగి కూర్చుంటారు కాబట్టి వెంటనే చెప్పేస్తున్నాను, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆబిడ్స్‌లో ఒక సందులో, కింద చెప్పుల దుకాణం, పైన వకీలు ఆఫీసు, మధ్య అంతస్తులో మా డయాగ్నస్టిక్ సెంటర్. రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. వీడ్కోలు సభలో మా మేనేజరు నా సేవలను నాలుగు నిమిషాలు పొగిడాడు. అందులో రెండుసార్లు నా పేరు తప్పు పలికాడు. నా విజయాల సంగతి అతను చెప్పేశాడు కాబట్టి, మిగిలినది నేను చెబుతాను.

ఇది ఇప్పుడే కోర్సు పూర్తిచేసి ల్యాబుల్లో చేరుతున్న పిల్లల కోసం. మీ చేతికి వచ్చిన మిషన్లు మా చేతికి రాలేదు. మేము ఒక్కో కణాన్నీ కంటితో లెక్కపెట్టేవాళ్లం. సాయంత్రానికి అన్నంలో మెతుకులు కూడా కణాల్లాగే కనిపించేవి. మీకు ఆ బాధ లేదు. చెంచాడు రక్తం పెడితే నిమిషంలో ఇరవై అంకెలు వస్తాయి. అంత తీరిక దొరికిన తర్వాత మనం ఏం చేశామన్నదే నా కథ.

ముందు మనుషులను చెబుతాను. పేర్లు చెప్పను. వాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు, నాకేమో ఇంకా నాంపల్లి వైపు తిరిగే పని ఉంటుంది.

మేనేజరు మా దగ్గరకు రాకముందు సెల్‌ఫోన్ కనెక్షన్లు అమ్మేవాడు. రక్తపరీక్షకూ ఫోన్ కనెక్షన్‌కూ తేడా ఏమీ లేదని అతని నమ్మకం. త్వరగా ఇవ్వాలి, మెసేజ్ పంపాలి, కస్టమర్ ఐదు స్టార్లు వేయాలి. "రెండు గంటల్లో రిపోర్టు, లేదంటే సారీ కార్డు" అని గుమ్మం మీద బోర్డు పెట్టించాడు. సారీ కార్డులు మాత్రం అచ్చువేయించలేదు.

రిపోర్టులు చూసి సంతకం పెట్టాల్సిన మా పెథాలజిస్టు గారు పెద్దాయన, గొప్ప డాక్టరు. ఎంత గొప్ప అంటే ఏడు ల్యాబులు ఆయన్ను పంచుకునేవి. ఆయన మా దగ్గరకు పది రోజులకోసారి వచ్చేవారు. ఆయన సంతకం మాత్రం ఇరవై నాలుగు గంటలూ మా కంప్యూటర్‌లోనే ఉండేది. రిపోర్టు తయారు కాగానే అదే వెళ్లి అడుగున కూర్చునేది. జ్వరం వచ్చినా సెలవు పెట్టని ఉద్యోగి మా దగ్గర అదొక్కటే.

రక్తం తీసేది చెల్లెమ్మ. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి చాదర్‌ఘాట్‌లో కాపురం పెట్టిన మనిషి. నన్ను అక్కా అనేది, నేను చెల్లెమ్మా అనేదాన్ని. మా తాతగారు రాష్ట్రం ఏర్పడినప్పుడు కోస్తా నుంచి గుమాస్తాగా బదిలీ అయి వచ్చారు. మేం ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, తలలు కూడా ఇక్కడే నెరిపించుకున్నాం. అయినా నేను నోరు తెరిస్తే, "అక్కా, నువ్వు వార్తలు చదువుతున్నట్టు మాట్లాడతవు" అని చెల్లెమ్మ నవ్వేది. ఆమె సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవడం మర్చిపోయేవారు. ల్యాబ్ మొత్తంలో రోగి ముఖం చూసే ఉద్యోగం ఆమెదొక్కటే. మిగతావాళ్లం గొట్టాలు చూసేవాళ్లం.

ఇక మిషన్. దానికి కొబ్బరికాయ కొట్టి, బొట్టుపెట్టి, "మన కొత్త స్టాఫ్" అని మేనేజరు పరిచయం చేశాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. నిజంగానే మంచి మిషన్. కణాలు లెక్కపెట్టడమే కాదు, తనకు అర్థం కానిది కనిపిస్తే ఎర్ర జెండా గుర్తు పెట్టి రిపోర్టును ఆపేసేది. దాని భాషలో అర్థం ఒక్కటే. ఇక్కడేదో తేడాగా ఉంది, ఎవరైనా స్లైడు వేసి కంటితో చూడండి. అంటే ఒక చుక్క రక్తం గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూడడం. పావుగంట పని. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకున్న స్టాఫ్ మా సెంటర్‌లో అంతకుముందు లేరు.

ఆ ఏడు వానలు తగ్గగానే డెంగీ వచ్చిపడింది. మీకు తెలిసిందే, ఆ సీజన్‌లో ఈ ఊళ్లో మనుషులు ఒకరినొకరు బాగున్నారా అని అడగరు, ప్లేట్‌లెట్స్ ఎంత అని అడుగుతారు. మొజంజాహీ మార్కెట్‌లో కివీ పళ్లకు రాజయోగం పడుతుంది. బొప్పాయి చెట్టు ఉన్న ఇంటివాళ్లు ఆకులకు కాపలా కాస్తారు. మా సందులో పొద్దున ఏడింటికే మెట్ల దాకా వరస. డెంగీలో తెల్లకణాలు కొన్ని ఆకారం మారతాయి, కాబట్టి మిషన్ వరసపెట్టి జెండాలు ఎత్తేది. సగం రిపోర్టులు ఆగిపోయేవి. స్లైడ్లు చూడగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చూసి చూసి కళ్లు మండేవి. అన్నీ డెంగీవే.

మూడో రోజు మేనేజరు నా బల్ల దగ్గరకు ఇరానీ చాయ్ పట్టుకుని వచ్చాడు. తనే పట్టుకుని వచ్చాడంటే నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

"మేడం గారూ, ఈ జెండాల వల్ల మన టైమింగ్ అంతా పోతోంది. ఎలాగూ అన్నీ డెంగీయే కదా. ఆ ఆపే ఆప్షన్ తీసేద్దాం. టెంపరరీగానే."

"డాక్టరు గారిని అడిగారా?"

"ఆయన బిజీ. మీరున్నారు కదా. పాస్‌వర్డ్ కూడా మీ దగ్గరే ఉంది."

చాయ్ బాగుంది. నాకు మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. బయట వరస మెట్లు దిగి చెప్పుల దుకాణం దాకా పోయింది. ఇవన్నీ కారణాలని అప్పట్లో అనుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టాను. జెండా గుర్తు అలాగే ఉండేది కానీ, రిపోర్టు ఆగేది కాదు. నేరుగా సంతకం తగిలించుకుని రోగి ఫోన్‌కు వెళ్లిపోయేది. ఆ సాయంత్రం మొదటిసారి అన్ని రిపోర్టులూ రెండు గంటల్లో వెళ్లాయి. మేనేజరు అందరికీ సమోసాలు తెప్పించాడు. నేను రెండు తిన్నాను.

ఆ తర్వాతి సోమవారం ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. నాంపల్లి మెట్రో స్టేషన్‌లో సెక్యూరిటీ ఉద్యోగం, ప్రయాణికుల సంచులు తెర మీద చూసే పని. జ్వరం, నీరసం. దగ్గర్లోని క్లినిక్ డాక్టరు పంపించాడు. ప్లేట్‌లెట్స్ బాగా తక్కువ, తెల్లకణాలూ తక్కువ. డెంగీ పరీక్ష మాత్రం నెగెటివ్. ఒక్కోసారి అలా రావడం మామూలే. క్లినిక్ డాక్టరు కూడా అదే చెప్పి, రోజూ కౌంట్ చూపించుకోమన్నాడు. మిషన్ జెండా ఎత్తింది. రిపోర్టు వెళ్లిపోయింది. మంగళవారం మళ్లీ వచ్చింది, మళ్లీ జెండా, మళ్లీ రిపోర్టు. ఆ రెండు రోజులూ ఆ అమ్మాయిని నేను చూడలేదు. ఆమె రక్తాన్నీ చూడలేదు.

బుధవారం పొద్దున చెల్లెమ్మ నా గది తలుపు దగ్గరకు వచ్చింది. వరసలో మనిషిని కూర్చోబెట్టి అలా లేచి రావడం ఆమెకు అలవాటు లేదు.

"అక్కా, జర గీమెది గొట్టం నువ్వే సూడు."

"ఏమైంది?"

"నిన్న నేను గుచ్చిన కాడ మోచెయ్యి మొత్తం నల్లగయింది. మొన్నటి సూది కాడ ఇంక తడిగనే ఉన్నది. పండ్లు తోముకుంటే నురుగంత ఎర్రగొస్తున్నదట. డెంగీలు నేను శాన సూసిన అక్కా. గిట్ల లేదు."

"క్లినిక్ డాక్టర్‌కి చెప్పిందా?"

"చెప్పిందట. ప్లేట్‌లెట్లు తక్కువుంటే గట్లనే ఉంటదన్నడట."

ఆ మాటలోనూ తప్పు లేదు. ఆ వారంలో ఎవరి మాటలోనూ తప్పు లేదు. విడివిడిగా చూస్తే అందరం కరెక్టే.

స్లైడు వేశాను. తెల్లకణాలు తక్కువ కాబట్టి మొదట ఏమీ కనపడలేదు. పలకను అంచుల దాకా జరుపుతూ వెతికాను. ఒకటి కనిపించింది. పెద్ద కణం, లోపలి కేంద్రకం నడిమికి నొక్కినట్టు రెండుగా మడతపడి ఉంది. కణం నిండా ఎర్రటి రేణువులు, ఆవాలు ఒలకబోసినట్టు. పక్కన ఇంకొకటి. దానిలో సన్నటి ఎర్ర పుల్లలు, ఒకటి కాదు, కట్టెల మోపులా ఒకదాని మీద ఒకటి. చదువుకునేటప్పుడు మా టీచరు ఇలాంటి స్లైడు చూపించి, "ఇది కనిపిస్తే చేతిలో పని వదిలేసి పరుగెత్తండి" అన్నారు. ఇది రక్త క్యాన్సర్లలో ఒక రకం. ఇందులో ఎదగని కణాలు పేరుకోవడమే కాదు, రక్తం గడ్డకట్టే శక్తినే చెడగొడతాయి. తలలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తస్రావమై మనిషి రోజుల్లో పోవచ్చు. పాత రోజుల్లో ఈ పేరు వింటే పెద్ద డాక్టర్లు కూడా కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఇప్పుడు తలకిందులైంది. సమయానికి పట్టుకుంటే రక్త క్యాన్సర్లలో బాగా నయమయ్యేది ఇదే. సమయానికి అన్నదే అందులో మెలిక.

ఫోన్ కెమెరాను మైక్రోస్కోప్ కంటికి ఆనించి ఫొటో తీసి పెథాలజిస్టు గారికి పంపాను. నిమిషంలో ఆయనే ఫోన్ చేశారు. ఇదేమిటమ్మా అని అడగలేదు.

"ఆ మనిషి ఇప్పుడు ఎక్కడుంది?"

"వెళ్లిపోయింది సార్. రిపోర్టు ఫోన్‌కే వెళ్తుంది కదా."

"పట్టుకో. ఇంజెక్షన్లు ఏవీ వేయించుకోవద్దని చెప్పు. ఎక్కడా పడకుండా, దెబ్బ తగలకుండా చూడు. పెద్ద దవాఖానలో రక్తజబ్బుల విభాగంలో నా స్టూడెంట్ ఉంది, నేను చెబుతాను. స్లైడు కూడా తీసుకెళ్లు." తర్వాత అడిగారు, "మొదటి శాంపిల్ ఇదేనా?"

"కాదు సార్. సోమవారం ఒకటి, నిన్న ఒకటి."

"స్లైడు ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

"రిపోర్టు మీద సంతకం?"

"మీదే సార్."

అవతల ఏదో ల్యాబ్‌లో ఎవరో ఆయన్ను చాయ్ తాగుతారా అని అడగడం వినిపించింది. తర్వాత ఫోన్ పెట్టేశారు.

ఆ అమ్మాయి ఇచ్చిన నంబరు భర్తది. అతను శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో పని చేస్తాడు. ఆ మోతలో ఫోన్ వినపడదు. క్లినిక్ డాక్టర్ ఎత్తలేదు. చెల్లెమ్మ అంది, "డ్యూటీకే పోతున్న అన్నది అక్కా. లీవుల్లెవ్వట."

నేను సంచి తీసుకుని బయల్దేరుతుంటే మేనేజరు గుమ్మంలో ఎదురయ్యాడు.

"మేడం గారూ, మనం పేషెంట్‌కి డైరెక్టుగా ఏదీ చెప్పకూడదు. ప్రోటోకాల్."

"మరి ఎవరు చెప్పాలి?"

"పంపించిన డాక్టరు చెప్పాలి."

"ఆయన ఫోన్ ఎత్తడం లేదు."

"అయితే మెయిల్ పెడదాం."

మెయిల్ మీరు పెట్టండి అని చెప్పి మెట్లు దిగాను. ఆటో దొరికింది కానీ, అసెంబ్లీ వైపు ఏదో ధర్నా జరుగుతోందట, ఎక్కడి బండి అక్కడే ఆగింది. దిగి నడిచాను. నా మోకాళ్లు ఆ రోజు ఏమీ అనలేదు. వాటికి చాయ్ ఇచ్చి బతిమాలే మేనేజరు లేడు కదా.

స్టేషన్‌లో తెర ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. యూనిఫాం చేతులు మణికట్టు దాకా దించుకుని గుండీలు పెట్టుకుంది. లోపల ఏముందో నాకు తెలుసు.

"మేడం, సంచి బెల్టు మీద పెట్టున్రి."

"నేను రైలెక్కడానికి రాలేదమ్మా. ల్యాబ్ నుంచి వచ్చాను."

"రిపోర్టు ఫోన్‌కే వస్తదన్నరు గదా?"

"రిపోర్టులో తప్పు జరిగింది. నువ్విప్పుడు నాతో పెద్ద దవాఖానకు రావాలి."

ఆమె తెర మీద నుంచి కళ్లు తీయకుండానే అడిగింది, "తప్పు మీదైతే నేనెందుకు రావాలె?"

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నన్ను ఎంతోమంది డాక్టర్లు, ఇన్‌స్పెక్షన్ ఆఫీసర్లు ప్రశ్నలు అడిగారు. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. నేను వంగి, ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పాను. "నీకున్నది డెంగీ కాదనుకుంటున్నాం. రక్తంలో వేరే జబ్బు ఉంది. పెద్దదే. కానీ దానికి మందు ఉంది. ఇవాళే మొదలుపెట్టాలి."

అప్పుడు నా వైపు తిరిగింది. "డెంగీ కాదా? మరి రెండు దినాలసంది గా బొప్పాయాకు రసం తాగుతున్న గదా మేడం. విషమోలె ఉన్నది గది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమెకూ తెలియలేదనుకుంటాను. ఇంతలో వాళ్ల సూపర్‌వైజరు వచ్చి, మధ్యలో వెళ్తే ఎట్లా, షిఫ్టు అయినంక పో అన్నాడు. తర్వాత నా తెల్లకోటు చూశాడు. తొందరలో కోటు విప్పడం మర్చిపోయాను. "డాక్టర్ మేడం, ఎమర్జెన్సీనా?" అన్నాడు. జీవితమంతా నన్ను డాక్టరని పిలిచినవాళ్లందరినీ సరిదిద్దాను. ఆ రోజు సరిదిద్దలేదు.

పెద్ద దవాఖానలో పెథాలజిస్టు గారి స్టూడెంట్ మా కోసం వరండాలోనే నిలబడి ఉంది. ముప్పై దాటిన డాక్టరమ్మ, అరిగిపోయిన చెప్పులు. నా చేతిలో స్లైడు అందుకుని లోపలికి వెళ్లి, మూడు నిమిషాల్లో బయటకు వచ్చింది. జన్యు పరీక్షకు రక్తం పంపిస్తానంది, దాని ఫలితం వచ్చేదాకా ఆగనంది. మొదటి మందు ఆ మధ్యాహ్నమే ఇచ్చింది. అది గుచ్చేది కాదు, మింగే గోలీలు. పక్కనే ప్లేట్‌లెట్స్, ప్లాస్మా ఎక్కించడం మొదలుపెట్టారు.

భర్త సాయంత్రానికి వచ్చాడు, వేళ్ల నిండా పసుపూ ఎరుపూ సిరా. గోలీల డబ్బీ తిప్పి చూశాడు. "గిది విటమిన్ ఏ లెక్కనే ఉంటదంటున్నరు. క్యాన్సర్ అని చెప్పి విటమిన్ గోలీలు ఇస్తరా మేడం?"

డాక్టరమ్మ విసుక్కోలేదు. "విటమిన్ ఏ నుంచి పుట్టిన మందే ఇది. ఆమె రక్తంలో కణాలు చిన్నపిల్లల్లా ఎదగకుండా ఆగిపోయినయి. రెండు జన్యువుల ముక్కలు తారుమారై అతుక్కుంటే గట్ల అయితది. ఈ గోలీ వాటిని చంపదు. పెద్దవాళ్లు కమ్మంటది. పెద్దయినంక అవే టైముకు పోతయి."

"పెద్దోళ్లయితయా?"

"అయితయి. మధ్యల జ్వరం రావచ్చు, ఆయాసం రావచ్చు. మేం చూసుకుంటం."

ఎదగమని చెప్పే మందు. అలాంటిదొకటి ఆఫీసులకు కూడా సరఫరా చేస్తే బాగుండునని నాకు అనిపించింది. మొదటి డోసు మేనేజరుకు, రెండోది నాకు.

కొన్ని రోజుల తర్వాత రెండో మందు, ఆర్సెనిక్, మొదలుపెట్టాలన్నారు. భర్త ఫోన్‌లో ఆ పేరు వెతుక్కుని పాలిపోయి నా దగ్గరకు వచ్చాడు. అప్పటికి నేను రోజూ సాయంత్రం దవాఖానకు వెళ్తున్నాను. నన్ను దవాఖాన మనిషే అనుకున్నాడు.

"మేడం, గిది పాషాణం అని ఉన్నది. ఎలుకలకు పెట్టేది గదా."

నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె, "ఔ, గదే," అంది. "కొలిచి ఇస్తం, రోజూ గుండె చూసుకుంట." అతను చాలాసేపు నిలబడి, చివరికి సంతకం చేశాడు. మా కంప్యూటర్‌లోని సంతకం కన్నా ఆ సంతకానికి ఎంత ఎక్కువ సమయం పట్టిందో నేను గమనించాను.

జన్యు పరీక్షలో అనుకున్నదే తేలింది. కానీ దానికంటే ముందే, గురువారం పొద్దున, ఆ అమ్మాయి కుడికంటి ముందు నల్లటి మరక కదులుతోందని చెప్పింది. కంటి లోపల రక్తస్రావం. ఎప్పుడు మొదలైందని అడిగాను. డాక్టరమ్మ నన్ను అర్థం చేసుకుంది. "చెప్పలేం మేడం. సోమవారమే మందు మొదలుపెట్టినా ఇలా కావచ్చు. కాకపోనూ వచ్చు." ఈ 'చెప్పలేం' అనేదాన్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ రోజే ల్యాబ్‌కు వెళ్లి ఫ్రిజ్‌లోంచి సోమవారం గొట్టం తీసి స్లైడు వేశాను. కణాలు కొంత చెడిపోయాయి కానీ, గుర్తుపట్టలేనంత కాదు. కట్టెల మోపు సోమవారమే ఉంది. పావుగంట పని.

మేనేజరు మీటింగ్ పెట్టాడు. పొరపాటు జరిగితే నింపడానికి కంప్యూటర్‌లో ఒక ఫారం ఉంటుంది. కారణం అనే చోట నొక్కితే జాబితా వస్తుంది. మిషన్ లోపం, కరెంటు లోపం, శాంపిల్ లోపం, పేషెంట్ సహకరించకపోవడం. మనం అనే వరస అందులో లేదు. అతను మిషన్ లోపం మీద నొక్కాడు. మరుసటి రోజు కంపెనీ ఇంజనీరు వచ్చి, మిషన్ తన డైరీలో రాసుకున్నది తెర మీద చూపించాడు. మూడు రోజులూ మూడు జెండాలు. వాటి పైన, రిపోర్టులు ఆపడం తీసేసిన తేదీ, సమయం, నా పేరు. మేనేజరు ఆశ్చర్యపోయాడు. "మేడం గారూ, పాస్‌వర్డ్ మీదేనా?" అన్నాడు. సెల్‌ఫోన్ కనెక్షన్లు అమ్మడం అతను ఎందుకు మానేశాడో నాకు అర్థం కాదు. మంచి భవిష్యత్తు ఉండేది.

శనివారం పెథాలజిస్టు గారు వచ్చారు. ఆయన వచ్చే రోజు కాదది. నేరుగా నా గదిలోకి వచ్చి, నా స్టూలు మీద కూర్చుని, జెండా ఉండి ఎవరూ చూడని గొట్టాల్లో ఫ్రిజ్‌లో ఇంకా మిగిలినవన్నీ తెప్పించారు. నేను స్లైడ్లు వేస్తూ పోయాను, ఆయన చూస్తూ పోయారు. సాయంత్రం అయింది. ఇంకెవరికీ అలాంటిది లేదు. పారేసిన గొట్టాల సంగతి మాకెవరికీ తెలియదు. ఆ రోజుల్లో జెండా పడినవాళ్ల జాబితా తీసి, అందరికీ చెల్లెమ్మ కూర్చుని ఫోన్లు చేసింది. "మంచిగున్నరా? రక్తమేమన్న కారుతున్నదా?" అని అడిగితే కొందరు బెదిరిపోయి పెట్టేశారు, కొందరు తిరిగి ఆమె ఆరోగ్యం అడిగారు.

పెథాలజిస్టు గారు వెళ్లేముందు మేనేజరు గదిలోకి వెళ్లారు.

"సార్, కాఫీ?"

"వద్దు బాబూ. నా సంతకం తీసుకెళ్లడానికి వచ్చాను."

కంప్యూటర్‌లోంచి తీయించేశారు. ఆ తర్వాత ఆయన రోజూ రెండు గంటలు మా దగ్గర కూర్చుని చేత్తో సంతకం పెట్టేవారు. మిగిలిన ఆరు ల్యాబుల్లో నాలుగింటిని వదులుకున్నారని తర్వాత తెలిసింది. ఆపే ఆప్షన్ నేనే మళ్లీ పెట్టాను, ఆ పాస్‌వర్డ్‌తోనే. రిపోర్టులు ఆలస్యమయ్యేవి. జనం తిట్టేవారు. మేనేజరు బోర్డు మీద రెండు గంటలను తుడిపించి 'నాణ్యతే మా ఊపిరి' అని రాయించాడు. ఆ ఏడు మా సెంటర్‌కు ఏదో సర్టిఫికెట్ కూడా వచ్చింది. లామినేషన్ చేయించారు.

ఇక్కడ ఆపేస్తే పిల్లలకు నీతి చెప్పినట్టు ఉంటుంది. మిషన్లు చెడ్డవి, పాతకాలం కళ్లు మంచివి అని. అది అబద్ధం. ఈ కథలో మొదటి రోజు నుంచీ నిజం చెప్పింది ఆ మిషనే. దాని తర్వాత చెల్లెమ్మ. మూడో స్థానంలో కూడా నేను లేను, క్లినిక్ డాక్టరుకు రెండుసార్లు చెప్పి చూసిన ఆ అమ్మాయి ఉంది.

ఆమెకు నయమైంది. నెలల తరబడి తిరిగింది, ఆర్సెనిక్ ఎక్కించుకుంది, జుట్టు మాత్రం పోలేదని అందరికీ చూపించుకుంది. చివర్లో చేసిన జన్యు పరీక్షలో ఆ తారుమారైన ముక్క కనపడలేదు. కుడికంట్లో కొంత చూపు తిరిగి రాలేదు. తెర ముందు పని ఇవ్వలేమని కాంట్రాక్టరు ఆమెను ఆడవాళ్ల తనిఖీ వరసలోకి మార్చాడు. నిలబడి చేసే పని.

నేను చెప్పాల్సిన మాట ఒకటి మిగిలింది. ల్యాబ్‌లో ఎవరూ చెప్పమనలేదు. మేనేజరైతే చెప్పొద్దనే అన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆర్సెనిక్ ఎక్కుతుండగా ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పాను. సోమవారమే మిషన్ చెప్పిందని, మేం వినలేదని, వినకుండా చేసిన పాస్‌వర్డ్ నాదేనని. కన్ను సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ చెప్పలేం అన్నది కూడా దాచలేదు.

ఆమె చుక్కలు పడుతున్న సీసా వైపు చూస్తూనే అడిగింది.

"మీరు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుండె?"

"తెలిసేది కాదు."

"మరి ఇప్పుడు నేను మీకు దండం పెట్టాల్నా, తిట్టాల్నా?"

"నీ ఇష్టం."

"అయితే ముందుగాల తిడత," అంది.

తిట్టింది. గొంతు పెద్దగా చేయలేదు కానీ, ఏదీ వదల్లేదు. వార్డులో పైన వెలిగే బల్బు దగ్గర నుంచి మా చాయ్ దాకా, మేం తిన్న సమోసాల దాకా. వాటి సంగతి కూడా ఆమెకు నేనే చెప్పాను. తన చేతులు దాచుకుని డ్యూటీ చేసిన రెండు రోజులు, బిడ్డను ఎత్తుకుంటే దాని కాళ్లు తగిలి కమిలిన చోట్లు, రాత్రి కుడికన్ను మూసి ఎడమకన్నుతో, ఎడమకన్ను మూసి కుడికంటితో గోడను చూసుకోవడం. నాకు తెలియనివి చాలా ఉన్నాయి అందులో. సిస్టర్ వచ్చి ఏమైందని అడిగింది.

"ఏం లేదు సిస్టర్. గీమె మా ల్యాబ్ మేడం. నన్ను స్టేషన్ కాడికొచ్చి పట్టుకొచ్చింది. జర తిడుతున్న."

సిస్టర్ నా వైపు జాలిగా చూసి సీసా సరిచేసి వెళ్లింది. ఇక చాలేమో, ఆమెను పడుకోనివ్వాలని నేను సంచి తీసుకుని లేచాను.

"ఏడికి పోతున్రు? కూసోన్రి," అంది. "ఇంక అయిపోలే."

కూర్చున్నాను.